గృహ బీమా

గృహ బీమా అంటే నివాస భవనానికి గాని, ఇంట్లోని సామానుకు గాని, లేదా రెండింటికీ గాని అగ్నిప్రమాదం, తుపాను, వరద, భూకంపం వంటి ఆపదల్లో జరిగే నష్టాన్ని, ముందుగా ప్రీమియం తీసుకుని బీమా సంస్థ భర్తీ చేసే ఒప్పందం. ఇది సాధారణ బీమాలో ఆస్తి బీమా కిందికి వస్తుంది. భారతదేశంలో అగ్ని బీమా నుంచే ఇది రూపుదిద్దుకుంది (చూ. అగ్ని బీమా). మోటారు వాహనానికి థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అయినట్టు ఇంటికి బీమా తప్పనిసరి కాదు. తీసుకోవడం మానడం యజమాని ఇష్టం. ఈ వ్యాసం ప్రధానంగా భారతదేశంలోని పద్ధతిని వివరిస్తుంది.

పరిధి

గృహ బీమా దృష్టిలో ‘ఇల్లు’ అంటే కట్టడం మాత్రమే. స్థలం ఇందులోకి రాదు, ఎందుకంటే స్థలం కాలిపోదు, కూలిపోదు. పునాది, గోడలు, శ్లాబు, తలుపులు, కిటికీలు, గోడల్లోని విద్యుత్ తీగలు, నీటి పైపులు కట్టడంలో భాగం. ప్రహరీ గోడ, వరండా, కారు షెడ్డు, ఔట్‌హౌస్, మేడపై నీళ్ల ట్యాంకు, సోలార్ పలకల వంటి వాటిని కూడా చేర్చవచ్చు. ఫ్రిజ్, టీవీ, మంచాలు, బీరువాలు, బట్టలు, వంటసామాను ‘సామాను’ విభాగంలోకి వస్తాయి. నగలు, వెండి సామాను, కళాఖండాలు విలువైన వస్తువుల కింద లెక్క. వాటికి విడిగా కవరేజీ కోరాలి.

చరిత్ర

1666 సెప్టెంబరులో లండన్ నగరంలో చెలరేగిన మంటల్లో సుమారు 13,200 ఇళ్లు బూడిదయ్యాయి. నగరాన్ని తిరిగి కట్టే పనుల్లో పాల్గొన్న నికొలస్ బార్బన్ 1680ల ఆరంభంలో ఇళ్లకు అగ్ని బీమా ఇచ్చే కార్యాలయం తెరిచాడు. అంతకు కొంచెం ముందే, 1676లో, జర్మనీలోని హాంబుర్గ్‌లో నగర పాలకుల ఆధ్వర్యాన ఇటువంటి నిధి ఏర్పడింది. ఆనాటి లండన్ బీమా సంస్థలు తమ మంటలార్పే దళాలను తామే నడిపేవి. బీమా ఉన్న ఇంటి ముఖద్వారం పైన సంస్థ గుర్తు గల లోహపు పలకను బిగించేవి. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తదితరులు 1752లో ఫిలడెల్ఫియాలో పరస్పర సహాయ పద్ధతిలో ఒక అగ్ని బీమా సంఘాన్ని నెలకొల్పారు.

భారతదేశంలో సాధారణ బీమా 1850లో కలకత్తాలో బ్రిటిష్ వారు స్థాపించిన ట్రైటన్ ఇన్సూరెన్స్ కంపెనీతో మొదలైంది. 1938లో బీమా చట్టం వచ్చింది. 1973 జనవరి 1 నుంచి సాధారణ బీమా వ్యాపారం జాతీయమైంది. అప్పటికున్న 107 సంస్థలను నేషనల్, న్యూ ఇండియా, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా అనే నాలుగు కంపెనీలుగా కలిపారు. 1999 నాటి చట్టంతో ఈ రంగంలోకి మళ్లీ ప్రైవేటు సంస్థలు వచ్చాయి, నియంత్రణ బాధ్యత భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ చేతికి వచ్చింది. జనం నోట ఐఆర్‌డీఏఐ అని నలిగిన ఈ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో ఉంది.

అగ్ని బీమా ప్రీమియం ధరలను చాలా ఏళ్లు టారిఫ్ సలహా సంఘమే నిర్ణయించేది. 2007 జనవరి 1 నుంచి ఆ కట్టడి తొలగి, ధర నిర్ణయించే స్వేచ్ఛ కంపెనీలకు వచ్చింది. ధరలు మారినా పాలసీ పత్రంలోని భాష మాత్రం ఫ్యాక్టరీకీ గోదాముకూ రాసినదే ఇంటికీ వర్తించేది. ఇంటి యజమాని కోసం విడిగా, మామూలు మాటల్లో రాసిన ప్రామాణిక పాలసీ 2021 ఏప్రిల్ 1న గాని రాలేదు.

మూల సూత్రాలు

గృహ బీమా నష్టపరిహార సూత్రంపై నడుస్తుంది. జరిగిన నష్టం మేరకే చెల్లింపు. బీమా వల్ల ఎవరికీ లాభం మిగలకూడదు. అందుకే ఒకే ఇంటికి రెండు పాలసీలున్నా నష్టం రెండింతలు రాదు, రెండు కంపెనీలూ పంచుకుని చెల్లిస్తాయి. ఆ ఇంటికి నష్టం వస్తే ఆర్థికంగా దెబ్బతినే వ్యక్తికే బీమా చేసే అర్హత ఉంటుంది. అద్దెకున్నవారు కట్టడానికి కాక తమ సామానుకు బీమా చేసుకుంటారు. మరో సూత్రం పరమ విశ్వాసం. ఇంటి గురించి అడిగిన వివరాలు దాచకుండా చెప్పాలి. ముందు గదిలో కిరాణా కొట్టో టిఫిన్ సెంటరో నడుపుతూ, పైన కాపురముండే ఇళ్లు మన పట్టణాల్లో వీధికి నాలుగు కనిపిస్తాయి. అటువంటి ఇంటిని పూర్తిగా నివాసమని రాసి ఇస్తే క్లెయిమ్ సమయంలో ఆ ఒక్క మాటే అడ్డం తిరుగుతుంది.

పాలసీ రకాలు

ప్రస్తుతం ఇళ్లకు ప్రధానంగా వాడేది 2021లో వచ్చిన ఆ ప్రామాణిక పాలసీ, భారత్ గృహ రక్ష. సాధారణ అగ్ని బీమా వ్యాపారం చేసే కంపెనీలన్నీ దీన్ని ఇవ్వాలి, ప్రాథమిక షరతులు అన్ని కంపెనీల్లోనూ ఒకటే. దీనికి తోడు గృహస్థుల ప్యాకేజీ పాలసీలు ఉన్నాయి. వీటిలో అగ్ని విభాగంతో పాటు దొంగతనం, గృహోపకరణాల మరమ్మతు, గాజు పగలడం, మూడో వ్యక్తికి జరిగే హానికి బాధ్యత వంటివి విభాగాలుగా ఉంటాయి; కావలసినవి ఎంచుకోవచ్చు. కాలాన్ని బట్టి ఏడాది పాలసీలు, పదేళ్ల వరకు దీర్ఘకాల పాలసీలు ఉన్నాయి.

భారత్ గృహ రక్ష

ఈ పాలసీ వర్తించే ఆపదల్లో మొదటివి అగ్ని, పేలుడు, పిడుగు. తర్వాత భూకంపం, తుపాను, సునామీ, వరద, ముంపు, నేల కుంగడం, కొండచరియలు విరగడం, కార్చిచ్చు వస్తాయి. వాహనమో చెట్టో వచ్చి ఇంటిని ఢీకొనడం, అల్లర్లు, సమ్మెలు, దురుద్దేశంతో చేసిన ధ్వంసం, ఉగ్రవాద చర్య, నీళ్ల ట్యాంకులూ పైపులూ పగలడం లేదా పొంగడం కూడా ఉన్నాయి. అగ్ని, భూకంపం, వరద, ఉగ్రవాదం అన్నీ మొదటి నుంచే పాలసీలో ఉంటాయి. పాత పద్ధతిలో భూకంపానికి, ఉగ్రవాదానికి అదనపు ప్రీమియం కట్టి విడిగా చేర్చుకోవలసి వచ్చేది, చాలామంది చేర్చుకునేవారు కాదు.

దొంగతనం విషయంలో జాగ్రత్తగా చదవాలి. ఈ ఆపదల్లో ఏదైనా జరిగిన తర్వాత ఏడు రోజుల్లో, దాని కారణంగా జరిగిన దొంగతనమే ప్రాథమిక పాలసీలోకి వస్తుంది. వరదకు ఇల్లు వదిలిపోయినప్పుడు సామాను పోతే వస్తుంది. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు తాళం పగలగొట్టి ఎత్తుకెళితే రాదు, దానికి చోరీ బీమా విడిగా ఉండాలి (చూ. చోరీ బీమా).

భవనానికి పాలసీ తీసుకున్నవారికి సామాను కవరేజీ దానితోనే వస్తుంది. భవనం బీమా మొత్తంలో 20 శాతం వరకు, గరిష్ఠంగా రూ.10 లక్షల వరకు, సామాను జాబితా ఇవ్వకుండానే వర్తిస్తుంది. అంతకు మించి కావాలంటే వివరాలు రాసి ఇవ్వాలి. ఇల్లు నివాసయోగ్యం కాకుండా పోతే, వేరే ఇంట్లో ఉండటానికి అయ్యే అద్దె, లేదా కిరాయికిచ్చిన ఇల్లయితే కోల్పోయిన అద్దె కూడా పాలసీలో భాగమే. ఇంజనీరు, ఆర్కిటెక్టు ఫీజులకు క్లెయిమ్ మొత్తంలో 5 శాతం వరకు, శిథిలాల తొలగింపుకు 2 శాతం వరకు అదనంగా చెల్లిస్తారు. అదనపు ప్రీమియంతో నగలు, కళాఖండాలకు ముందే అంగీకరించిన విలువపై రక్షణ, యజమానికీ జీవిత భాగస్వామికీ తలా రూ.5 లక్షల ప్రమాద మరణ రక్షణ చేర్చుకోవచ్చు.

బీమా మొత్తం లెక్కింపు

గృహ బీమాలో యజమానులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఇంటి బీమా మొత్తానికీ ఇంటి మార్కెట్ ధరకూ సంబంధం లేదు. అదే కట్టడాన్ని ఈ రోజు తిరిగి కట్టడానికి ఎంత అవుతుందో అదే బీమా మొత్తం. ఇంటి కార్పెట్ ఏరియాను ఆ ప్రాంతంలోని నిర్మాణ వ్యయపు రేటుతో హెచ్చించి, విడి కట్టడాల వ్యయం కలిపితే అది తేలుతుంది.

విజయవాడలో 1,200 ఎస్‌ఎఫ్‌టీ అని చెప్పి అమ్మిన ఒక ఫ్లాటును ఉదాహరణగా తీసుకుందాం. ఆ లెక్కలో మెట్లు, లిఫ్టు, నడవాల వాటా కలిసి ఉంటుంది. గోడల మధ్య నిజంగా వాడుకునే కార్పెట్ ఏరియా 850 చదరపు అడుగులే అనుకుందాం. నిర్మాణ వ్యయం చదరపు అడుగుకు రూ.2,200 అనుకుంటే భవనం బీమా మొత్తం రూ.18.70 లక్షలు. దానితో వచ్చే సామాను కవరేజీ రూ.3.74 లక్షలు. ఆ ఫ్లాటు రూ.75 లక్షలకు కొన్నది కావచ్చు. మిగతా ధర ఆ ప్రాంతానికి, స్థలంలోని అవిభాజ్య వాటాకు, బిల్డరు లాభానికి చెల్లించినది. రూ.75 లక్షలకు బీమా చేస్తే ప్రీమియం పెరుగుతుందే తప్ప పరిహారం పెరగదు. అదే స్వగ్రామంలో పెద్ద పెంకుటింటినో మూడంతస్తుల మేడనో తీసుకుంటే వరస తిరగబడుతుంది. అక్కడ అమ్మకపు ధర తక్కువ, తిరిగి కట్టే ఖర్చు ఎక్కువ. కొన్న ధరకే బీమా చేసిన ఇల్లు అక్కడ సగానికి సగం రక్షణ లేకుండా మిగులుతుంది.

తక్కువ బీమాకు పాత పాలసీల్లో కఠినమైన శిక్ష ఉండేది. తిరిగి కట్టడానికి రూ.40 లక్షలయ్యే ఇంటికి రూ.20 లక్షలకే బీమా చేస్తే, సగం నష్టభయాన్ని యజమాని తన నెత్తిన పెట్టుకున్నట్టు లెక్క. వంటింట్లో మంటలు లేచి రూ.6 లక్షల నష్టం జరిగితే రూ.3 లక్షలే వచ్చేది. బీమా మొత్తం దాటని నష్టానికి కూడా కోత పడటం మామూలు పాలసీదారుకు అర్థమయ్యేది కాదు. భారత్ గృహ రక్ష ఈ కోతను ఎత్తివేసింది. ఇళ్ల యజమానులకు ఈ పాలసీ చేసిన అతి పెద్ద మేలు ఇదే. అయితే బీమా మొత్తాన్ని మించి రాదు కనుక, రేటు సరిగా వేయడం, కార్పెట్ ఏరియా నిజంగా చెప్పడం అప్పటికీ అవసరమే. దీర్ఘకాల పాలసీల్లో నిర్మాణ వ్యయం పెరుగుదలకు తగినట్టు బీమా మొత్తం ఏటా 10 శాతం చొప్పున దానంతటదే పెరుగుతుంది. మొదటి మొత్తానికి రెట్టింపు దాటదు.

పాత పాలసీల్లో మార్కెట్ విలువ, పునర్నిర్మాణ విలువ అని రెండు పద్ధతులు ఉండేవి. మొదటి దానిలో కట్టడం వయసును బట్టి తరుగుదల తీసేస్తారు, రెండో దానిలో తీయరు. ప్యాకేజీ పాలసీ కొనేవారు ఏ పద్ధతో అడిగి తెలుసుకోవాలి.

వర్తించనివి

యజమాని కావాలని చేసిన నష్టం, యుద్ధం, అణు ధార్మికత, కాలుష్యం ఏ గృహ బీమాలోకీ రావు. ఇంటి యజమానికి నిత్యం ఎదురయ్యే మినహాయింపులు వేరే ఉన్నాయి. వర్షాకాలంలో శ్లాబు కారడం, గోడలకు చెమ్మ పట్టడం, చెదలు, తుప్పు, పాతబడి పగుళ్లివ్వడం నెమ్మదిగా జరిగే అరుగుదల; బీమా హఠాత్తుగా వచ్చిపడే ఆపదకే. షార్ట్ సర్క్యూట్‌తో ఏసీ కాలిపోతే ఆ ఏసీకి పరిహారం రాదు. అందులోంచి మంటలు అంటుకుని కర్టెన్లు, మంచం, గోడలు కాలితే వాటికి వస్తుంది. నగదు, వాహనాలు సామానులో భాగం కావు. పాత అగ్ని బీమా పాలసీల్లో ఇల్లు 30 రోజులకు మించి ఖాళీగా ఉంటే రక్షణ ఆగిపోయే షరతు ఉండేది. ఏళ్ల తరబడి విదేశాల్లో ఉంటూ సొంత ఊరి ఇంటికి తాళం వేసి వెళ్లినవారు తమ పాలసీలో ఇటువంటి షరతు ఉందేమో చూసుకోవాలి.

ప్రీమియం

ప్రీమియాన్ని బీమా మొత్తంలో వెయ్యి రూపాయలకు ఇంత అని లెక్కిస్తారు. ఇళ్లకు ఆ రేటు సాధారణంగా రూపాయి లోపే, పైసల్లో ఉంటుంది. కట్టడం రకం, ప్రాంతపు వరద, తుపాను చరిత్ర, భూకంప మండలం దీన్ని నిర్ణయిస్తాయి. భూకంప పటంలో చాలాకాలంగా వాడుకలో ఉన్న విభజన ప్రకారం హైదరాబాద్ రెండో మండలంలో, విజయవాడ మూడో మండలంలో ఉన్నాయి. పూరిళ్లు, తాటాకు కప్పు ఇళ్లు ‘కచ్చా’ నిర్మాణాల కిందికి వస్తాయి కాబట్టి వాటికి రేటు ఎక్కువ. రక్షణ ఎక్కువ కావలసిన ఇంటికే అది ఖరీదవుతుంది, ఈ రంగంలో ఇప్పటికీ తీరని లోటు ఇది. ప్రీమియంపై 18 శాతం జీఎస్టీ పడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీలకు వచ్చిన మినహాయింపు గృహ బీమాకు రాలేదు. ప్రీమియం ముందుగా చేతికందనిదే నష్టభయం స్వీకరించరాదని బీమా చట్టం చెబుతోంది కనుక, చెల్లింపు జరగని రోజుకు రక్షణ ఉండదు.

గృహ రుణం, గృహ బీమా

గృహ రుణం తీసుకున్నవారిలో చాలామంది తమ ఇంటికి బీమా ఉందనే అనుకుంటారు. రుణంతో పాటు బ్యాంకులు ఎక్కువగా అంటగట్టేది రుణ రక్షణ పాలసీ. రుణం తీసుకున్న వ్యక్తి చనిపోతే మిగిలిన బాకీ తీర్చే జీవిత బీమా అది. ఇల్లు వరదలో మునిగితే దాని నుంచి ఒక్క రూపాయి రాదు. భవనానికి నిజంగా ఆస్తి బీమా చేసిన సందర్భాల్లో కూడా బీమా మొత్తం అప్పు మేరకే ఉండవచ్చు, సామాను చేరి ఉండకపోవచ్చు. పాలసీ బ్యాంకు ఫైల్లోనే ఉండిపోతుంది. దాని నకలు అడిగి తీసుకుని పాలసీ పేరు, బీమా మొత్తం, గడువు తేదీ చూడటం యజమాని చేయగల పని. తాకట్టు ఇంటి పాలసీలో బ్యాంకు ప్రయోజనం నమోదై ఉంటుంది కాబట్టి భవనం పరిహారం మొదట బ్యాంకుకు వెళ్తుంది. ఇల్లు అమ్మితే పాలసీ కొన్నవారి పేరుకు దానంతటదే మారదు.

అపార్ట్‌మెంట్లలో ఒక్కో యజమాని తన ఫ్లాటుకు పాలసీ తీసుకోవచ్చు. లేదా సంఘం మొత్తం భవనానికి తీసుకోవచ్చు. లిఫ్టు, జనరేటరు, సెల్లారు, ప్రహరీ వంటి ఉమ్మడి ఆస్తులు సంఘం పాలసీలోనే భద్రంగా ఉంటాయి. సంఘం పాలసీలో ఫ్లాట్లలోని సామాను ఉండదు.

వంటగ్యాస్ పేలుడు విషయంలో మరో రక్షణ ఉంది. నమోదైన చిరునామాలో సిలిండర్ ప్రమాదం జరిగితే చమురు కంపెనీలు తీసుకున్న సామూహిక బీమా కింద ఆస్తి నష్టానికి ప్రమాదానికి రూ.2 లక్షల వరకు అందే వీలుంది. ఇది వినియోగదారు విడిగా ప్రీమియం కట్టనవసరం లేని రక్షణ, గృహ బీమాకు మాత్రం ప్రత్యామ్నాయం కాదు.

ప్రాముఖ్యం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు మేడల కిటికీ అద్దాలు పగిలి, వాన నీరు గదుల్లోకి కొట్టి సామాను పాడైంది. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో కాలనీలకు కాలనీలే చెరువులయ్యాయి. 2024 సెప్టెంబరు 1 నాటికి బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాల్లో గ్రౌండ్‌ఫ్లోర్ ఇళ్లు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. అప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముంపునకు గురైన గ్రౌండ్‌ఫ్లోర్ కుటుంబాలకు రూ.25,000, పై అంతస్తుల వారికి రూ.10,000 సాయం ప్రకటించింది. ఆ సాయం అత్యవసరమైనదే, కానీ ఒక్కో అంతస్తు వారికి నష్టం ఎంతైనా అదే మొత్తం. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, పరుపులు, పిల్లల పుస్తకాలు, చెక్క తలుపులు అన్నీ పోయిన ఇంటి నష్టాన్ని లెక్కగట్టి పూడ్చే ఏర్పాటు బీమా ఒక్కటే. మధ్యతరగతి కుటుంబం జీవితకాలంలో కూడబెట్టే అతి పెద్ద ఆస్తి ఇల్లు, అయినా దాన్ని మించి వాహనానికే బీమా ఉండటం మన దగ్గర మామూలైంది.

అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ రుణమిచ్చే సంస్థలు గృహ బీమాను తప్పనిసరి చేస్తాయి. కానీ సాధారణ పాలసీల్లో వరద, భూకంపం ఉండవు. వరదకు 1968లో మొదలైన జాతీయ వరద బీమా పథకం ఉంది. నివాస భవనానికి 2,50,000 డాలర్లు, సామానుకు 1,00,000 డాలర్లు దాని పరిమితి. సాధారణంగా కొన్న 30 రోజుల తర్వాతే అది అమల్లోకి వస్తుంది. టెక్సాస్, ఫ్లోరిడా వంటి చోట్ల ఇళ్లు కొన్న తెలుగువారు ఇక్కడి అలవాటు కొద్దీ వరద కవరేజీ పాలసీలోనే ఉందనుకుంటే ప్రమాదం. కాలిఫోర్నియాలో భూకంపానికి 1996 నుంచి ప్రత్యేక సంస్థ పనిచేస్తోంది. బ్రిటన్‌లో వరద ముప్పున్న ఇళ్లకు పాలసీ అందుబాటు ధరలో దొరికేలా 2016లో ఒక పునర్బీమా పథకం పెట్టారు (చూ. పునర్బీమా).

క్లెయిమ్ విధానం

నష్టం కనిపించిన వెంటనే కంపెనీకి ఫోన్ ద్వారానో వెబ్‌సైటులోనో తెలియజేసి క్లెయిమ్ నంబరు తీసుకోవాలి. క్లెయిమ్ ఫారం 30 రోజుల్లోగా ఇవ్వాలి. అగ్నిప్రమాదమైతే అగ్నిమాపక శాఖ నివేదిక, దొంగతనం, అల్లర్లయితే పోలీసు ఫిర్యాదు జత చేయాలి. తర్వాత ఐఆర్‌డీఏఐ లైసెన్సు పొందిన సర్వేయర్ వచ్చి నష్టాన్ని అంచనా వేస్తాడు. అతని ఫీజు కంపెనీదే, ఇంటివారు ఏమీ ఇవ్వనక్కరలేదు.

వరద క్లెయిముల్లో సర్వేయర్ మొదట చూసేది గోడ మీద నీరు నిలిచిన మట్టి గీతను. నేల నుంచి ఆ గీత ఎత్తు ఎంతో టేపుతో కొలిచి, దాని కింద ఏ వస్తువు ఉండి ఉంటుందో సరిచూస్తాడు. మూడడుగుల గీత ఉన్న గదిలో అటక మీది వస్తువు తడిసిందంటే ఒప్పుకోడు. వాషింగ్ మెషీన్ మోటారు మునిగిందంటే ఒప్పుకుంటాడు. అందుకని బురద కడగక ముందే ఆ గీత పూర్తిగా కనిపించేలా ప్రతి గదినీ నాలుగు మూలల నుంచి ఫొటో తీయాలి. ఫ్రిజ్, టీవీల వెనుక ఉండే మోడల్, సీరియల్ నంబర్ల స్టిక్కరును విడిగా దగ్గర నుంచి తీయాలి. బిల్లులు నీటిలో పోయి ఉంటాయి కాబట్టి కార్డు స్టేట్‌మెంట్లు, ఆన్‌లైన్ ఆర్డర్ల చరిత్ర, ఇంట్లో జరిగిన పుట్టినరోజు ఫొటోల్లో వెనుక కనిపించే వస్తువులు కూడా ఆధారాలుగా చూపవచ్చు. నష్టం ఇంకా పెరగకుండా చూడటం పాలసీదారు బాధ్యత. తడిసినవి ఆరబెట్టడం, మెయిన్ స్విచ్ ఆపడం, పగిలిన కిటికీకి పట్టా కట్టడం ఆపనక్కరలేదు. పాడైన సామానును మాత్రం సర్వేయర్ చూసేదాకా పాత ఇనుముకు వేయకూడదు.

2024 జూన్‌లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం క్లెయిమ్ తెలియజేసిన 24 గంటల్లో సర్వేయర్‌ను కేటాయించాలి, 15 రోజుల్లో నివేదిక తెప్పించుకోవాలి, అది అందిన ఏడు రోజుల్లో నిర్ణయం చెప్పాలి.

వివాదాల పరిష్కారం

క్లెయిమ్ తిరస్కరించినా, తక్కువ చెల్లించినా మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా తెలపాలి. ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌లోనూ నమోదు చేయవచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సమ్మతం కాకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల వారికి, యానాం వారికి ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. రూ.50 లక్షల వరకు విలువైన వివాదాలను విచారిస్తారు, రుసుము లేదు, వకీలు అక్కరలేదు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోగా ఫిర్యాదు చేయాలి. అంబుడ్స్‌మన్ తీర్పు కంపెనీని కట్టడి చేస్తుంది, పాలసీదారు దానితో తృప్తి పడకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి తెరిచే ఉంటుంది (చూ. వినియోగదారుల రక్షణ చట్టం).